కొబ్బరి చిప్ప కార్బన్‌తో నీళ్లలోని సిప్రోఫ్లాక్సాసిన్ తీయడం: నా అనుభవం

ఈ టాపిక్ తీసుకునేవాళ్లలో ఎక్కువమంది కష్టమంతా కార్బన్ తయారీలోనే ఉంటుందనుకుంటారు. మాకు తయారీ కొన్ని వారాల్లో అయిపోయింది. 2024 జూలై నుంచి 2025 మార్చి వరకు పట్టిన మిగతా కాలమంతా కొలతకే పోయింది. ఎం.టెక్. ప్రాజెక్టుగానో పీహెచ్‌డీలో ఒక చాప్టర్‌గానో ఇదే పని పెట్టుకున్నవాళ్లకు పనికొస్తుందని, జరిగింది జరిగిన వరుసలో రాస్తున్నాను.

సిప్రో (సిప్రోఫ్లాక్సాసిన్) అనే యాంటీబయోటిక్‌నే ఎందుకంటే, హైదరాబాద్‌లో ఉండి ఇంకోటి ఎంచుకోవడానికి కారణం కనబడలేదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఉమ్మడి ఎఫ్లుయెంట్ (వ్యర్థజలాల) ప్లాంటు శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. వాళ్ల లెక్కలో అది రోజుకు దాదాపు 45 కిలోల మందు. స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడేంత. మైక్రోగ్రాముల్లో దొరకాల్సింది మిల్లీగ్రాముల్లో దొరికింది.

జూలై: చిప్పలు

కొబ్బరి చిప్ప, పత్తి కట్టె రెండూ చూశాం. పత్తి కట్టె ఊరికే వస్తుంది కానీ బూడిద ఎక్కువ, కార్బన్ మెత్తగా వచ్చి కాలమ్‌లో (కార్బన్ నింపి నీళ్లు పంపే గొట్టంలో) పొడైపోతుంది. చిప్ప గట్టిది, బూడిద చాలా తక్కువ. గుళ్ల దగ్గర బస్తాలకొద్దీ దొరుకుతుంది. అయితే గుడి చిప్పకు పసుపు, కుంకుమ, కర్పూరం మసి, నూనె అంటి ఉంటాయి. లోపలి వైపు కొబ్బరి పలుకు కూడా మిగులుతుంది. పీచు, పలుకు గీకేసి వేడినీళ్లలో మరిగించి కడగాలి. మేం కొన్ని బ్యాచ్‌ల తర్వాత హోటల్ చిప్పలకు మారాం. తినేవాళ్ల దగ్గర పలుకు మిగలదు.

సుత్తితో కొట్టి, మిల్లులో వేసి, జల్లెడ పట్టి 0.3 నుంచి 0.6 మి.మీ. మధ్య గింజనే ఉంచుకున్నాం. ఇంకా మెత్తగా చేస్తే బ్యాచ్ ప్రయోగంలో (ఫ్లాస్క్‌లో నీళ్లతో కలిపి ఊపేదాంట్లో) ఫలితం అందంగా వస్తుంది. తర్వాత కాలమ్‌లో నీరు దిగదు. మొదటి రోజునే కాలమ్‌కు పనికొచ్చే సైజు తీసుకుంటే రెండుసార్లు తయారుచేసే పని తప్పుతుంది. 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజంతా ఆరబెట్టాం.

యాక్టివేషన్‌కు, అంటే కార్బన్‌లో రంధ్రాలు తెరవడానికి, పొటాషియం హైడ్రాక్సైడ్ వాడితే ఉపరితల వైశాల్యం బాగా పెరుగుతుంది. కానీ 700–800 డిగ్రీలు, నైట్రోజన్ ప్రవాహం, ట్యూబ్ ఫర్నేస్ కావాలి. ఆ వేడిలో అది క్వార్ట్జ్ ట్యూబును తినేస్తుంది. ఫాస్ఫారిక్ యాసిడ్‌కు 500 డిగ్రీలు చాలు, మఫుల్ ఫర్నేస్‌లో మూత పెట్టిన క్రూసిబుల్‌తో పని జరుగుతుంది. రంధ్రాలు కూడా కొంచెం వెడల్పుగా వస్తాయి, సిప్రోకు అదే కావాలి. ఆ అణువు పొడవు సుమారు 1.3 నానోమీటర్లు. మరీ ఇరుకు రంధ్రాలు ఎన్ని ఉన్నా దానికి లేనట్టే.

మేం ఫాస్ఫారిక్కే తీసుకున్నాం. ఆమ్లానికీ చిప్పకూ నిష్పత్తి దగ్గర జాగ్రత్త. 1.5:1 అంటే శుద్ధ ఆమ్లం బరువు, చిప్ప బరువుకు ఒకటిన్నర రెట్లు అని. 20 గ్రా. చిప్పకు 30 గ్రా. శుద్ధ ఆమ్లం, అంటే సీసాలోని 85 శాతం ద్రావణం 35 గ్రా. పైచిలుకు, కొలిస్తే దాదాపు 21 మి.లీ. చాలామంది నేరుగా 30 మి.లీ. పోసేస్తారు. దాంతో నిష్పత్తి రెండు దాటిపోతుంది, పేపర్లలోని ఫలితంతో ఎందుకు కలవడం లేదో అర్థం కాదు. ఆమ్లానికి సమానంగా నీళ్లు కలిపితే గింజలోకి బాగా దిగుతుంది. రాత్రంతా నాననిచ్చి 110 డిగ్రీల దగ్గర నల్లటి జిగురుగా అయ్యేదాకా ఆరబెట్టాలి. స్టీలు ట్రే వాడొద్దు, బోరోసిల్ బీకర్‌లోనే.

క్రూసిబుల్‌లో మూడో వంతే నింపాలి, పొంగుతుంది. నైట్రోజన్ లేదు కాబట్టి చిన్న క్రూసిబుల్‌ను పెద్దదాంట్లో పెట్టి, మధ్య ఖాళీని మామూలు బొగ్గు ముక్కలతో నింపాం. లోపలికి వచ్చే గాలి ముందు ఆ బొగ్గును కాలుస్తుంది, మన శాంపిల్ మిగులుతుంది. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 500కు, అక్కడ ఒక గంట. మూత తీసేది మర్నాడే. బాగా వేడి మీద తీస్తే కళ్ల ముందే అంచులు ఎర్రబడి బూడిదవుతాయి. తెల్లటి పొగ వస్తుంది, ఫ్యూమ్ హుడ్ కిందే చేయాలి. ఆమ్లం పింగాణీ మెరుపును తినేస్తుంది, మూత అతుక్కుపోతుంది. క్రూసిబుళ్లను వాడి పారేసే వస్తువులుగా లెక్క వేసుకోండి.

కడగడమే విసుగు పుట్టించేది. వేడి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ వడగడుతూనే ఉండాలి. కడిగిన నీటి పీహెచ్ 6 దాటిందని ఆపేస్తే, రాత్రి నానబెట్టాక మర్నాడు మళ్లీ 4కు దిగుతుంది. రంధ్రాల్లో ఇరుక్కున్న ఫాస్ఫేట్ మెల్లగా బయటికి వస్తుంది. పీహెచ్ కాగితాన్ని నమ్మకుండా, కడిగిన నీటిలో నైట్రిక్ యాసిడ్, అమోనియం మాలిబ్డేట్ వేసి కాస్త వేడి చేసి చూడాలి. పసుపు రంగు రానంత వరకు కడగాల్సిందే. యాసిడ్ కన్నా డిస్టిల్డ్ వాటర్ క్యాన్లకే ఎక్కువ డబ్బయింది.

ఆగస్టు: బీఈటీ క్యూ

నైట్రోజన్ వాయువుతో ఉపరితల వైశాల్యం కొలిచే బీఈటీ పరీక్షకు బయట ఒక ఇన్‌స్ట్రుమెంట్ సెంటర్‌లో స్లాట్ బుక్ చేశాం. రిపోర్టుకు మూడు వారాలు పట్టింది. లిక్విడ్ నైట్రోజన్ రాలేదన్నది మొదటి కారణం, పంపు సర్వీసుకు పోయిందన్నది రెండోది. శాంపిల్‌కు రెండు వేల పైచిలుకు. డీగ్యాస్ (కొలిచే ముందు శాంపిల్‌లోని తేమ, గాలి పోగొట్టడం) ఉష్ణోగ్రత, సమయం మీరే రాసివ్వండి. 150 డిగ్రీలు, రాత్రంతా అని రాయకపోతే వాళ్లకు వీలైనంతే చేస్తారు. తేమ మిగిలిన కార్బన్ తక్కువ వైశాల్యం చూపిస్తుంది.

రిపోర్టులో మొదటి పేజీలోని పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు. జడ్.ఐ.ఎఫ్.-8 అనే లోహ-సేంద్రియ చట్రాన్నే చూడండి. గ్రాముకు వెయ్యి చదరపు మీటర్లు సునాయాసంగా దాటుతుంది, గది ఉష్ణోగ్రత దగ్గరే తయారవుతుంది. కానీ దాని కిటికీ, అంటే రంధ్రపు నోటి, వెడల్పు 0.34 నానోమీటర్లు. నైట్రోజన్ లోపలికి పోయి ఆ వైశాల్యమంతా కొలిచి వస్తుంది, సిప్రో మాత్రం గుమ్మం దగ్గరే ఆగి బయటి గోడకు అంటుకుంటుంది. పైగా ఆమ్లపు నీటిలో చట్రం కరిగి జింక్ వదులుతుంది. ఈ చట్రాలకు 2025లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చాక ప్రాజెక్టు ప్రపోజల్స్‌లో వీటి జోరు ఇంకా పెరిగింది. పెరగనివ్వండి, కిటికీ కొలత మాత్రం ముందు చూసుకోండి. మన రిపోర్టులోనూ చూడాల్సింది రంధ్రాల సైజుల పంపిణీ గ్రాఫు. రెండు నానోమీటర్లు, ఆపైన ఎంత ఉందన్నదే అసలు సంగతి చెప్పేది.

సెప్టెంబర్: స్టాక్ ద్రావణం, అసలు తలనొప్పి మొదలు

మెడికల్ షాపు మాత్రను నూరి వాడదామనే ఆలోచన అందరికీ వస్తుంది. మాత్రలో పిండి, మెగ్నీషియం స్టియరేట్, టైటానియం డయాక్సైడ్ పూత ఉంటాయి. మెగ్నీషియం సిప్రోను పట్టేస్తుంది. శుద్ధ పొడే కొనాలి. దొరికేది సాధారణంగా హైడ్రోక్లోరైడ్ మోనోహైడ్రేట్. దాని అణుభారం 385.8, సిప్రోది 331.3. లీటరుకు 100 మి.గ్రా. సిప్రో కావాలంటే తూచాల్సింది 116.4 మి.గ్రా. ఇది మర్చిపోతే చివరి దాకా ప్రతి అంకెలో 14 శాతం తప్పు కూర్చుంటుంది.

హైడ్రోక్లోరైడ్ నీళ్లలో హాయిగా కరుగుతుంది. పీహెచ్ 7 దగ్గరికి తేగానే మాత్రం సిప్రో కరిగే పరిమితి లీటరుకు వంద మి.గ్రా. చుట్టుపక్కలకు పడిపోతుంది. 200 మి.గ్రా. ద్రావణాన్ని తటస్థం చేస్తే సన్నటి స్ఫటికాలు అడుక్కు చేరతాయి. కార్బన్ వేసిన ఫ్లాస్క్‌లో అవి నల్లపొడిలో కలిసిపోయి కనబడవు, ఫిల్టర్‌లో ఆగిపోతాయి, ఫలితం మాత్రం అద్భుతమైన అధిశోషణంలా (కార్బన్ మందును పట్టేసినట్టు) కనిపిస్తుంది. అందుకే ప్రతి గాఢతకూ కార్బన్ లేని ఒక కంట్రోల్ ఫ్లాస్క్ పెట్టాలి. సిప్రో లేకుండా కార్బన్ మాత్రమే ఉన్న ఫ్లాస్క్ కూడా పెట్టాలి. కొత్త కార్బన్ నుంచి ఊరే సేంద్రియాలు కూడా, యూవీ యంత్రంలో సిప్రోను కొలిచే 277 నానోమీటర్ల దగ్గర కాంతిని పీలుస్తాయి.

యూవీ క్యాలిబ్రేషన్ లీటరుకు 1 నుంచి 10 మి.గ్రా. వరకు. 10 దగ్గర అబ్సార్బెన్స్ ఒకటి పైనే ఉంటుంది, అంతకు మించినవాటిని పలుచన చేయాలి. ఆ పలుచన మామూలు నీళ్లతో కాకుండా ఒకే పీహెచ్ బఫర్‌తో చేయాలి. సిప్రోకు 6.1, 8.7 దగ్గర రెండు పీకేఏలు (అణువు ఆవేశం మారే పీహెచ్ హద్దులు) ఉన్నాయి. ఆ హద్దులు దాటినప్పుడల్లా శిఖరం జరుగుతుంది, ఎత్తు మారుతుంది. వెలుతురుకు విరిగిపోతుంది కాబట్టి ఫ్లాస్కులన్నిటికీ బయట ఫాయిల్ చుట్టాం.

ఫిల్టర్లు ఇంకో కథ. నైలాన్ సిరంజి ఫిల్టర్ సిప్రోను తానే పట్టుకుంటుంది. కార్బన్ లేని ద్రావణాన్ని దాంట్లోంచి పంపి చూస్తే తెలిసిపోతుంది. హైడ్రోఫిలిక్ పీటీఎఫ్ఈకి మారి, మొదటి రెండు మూడు మి.లీ. పారబోసి, తర్వాతిదే తీసుకున్నాం. ఒక్కోటి అప్పట్లో నలభై రూపాయల దాకా పడింది. శాంపిళ్లు వందల్లో ఉంటే ఇది చిన్న ఖర్చు కాదు. సెంట్రిఫ్యూజ్ చవకే కానీ, కంటికి కనబడని నల్లపొడి మిగిలి కాంతిని చెదరగొడుతుంది, సిప్రో ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 400 నానోమీటర్ల దగ్గర కూడా రీడింగ్ తీయండి. అక్కడ సిప్రోకు ఏమీ ఉండదు, సున్నా రాకపోతే పొడి మిగిలినట్టే.

ఆ నెలలోనే యాంటీబయోటిక్ తయారీ కంపెనీల వ్యర్థజలాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు వచ్చాయి. అవి చదివాక మా లక్ష్యం మారిపోయింది. ఆ మాట తర్వాత చెబుతాను.

అక్టోబర్, నవంబర్: షేకర్

100 మి.లీ. స్టాపర్ ఫ్లాస్క్‌లో 50 మి.లీ. ద్రావణం, 20 మి.గ్రా. కార్బన్, 30 డిగ్రీలు, 150 ఆర్పీఎం. 20 మి.గ్రా. తూచడం కూడా పనే. వానాకాలంలో కార్బన్ బ్యాలెన్స్ మీదే తేమ పీల్చి బరువు పెరుగుతూ ఉంటుంది. ఓవెన్ నుంచి డెసికేటర్‌కు, అక్కణ్నుంచి తిన్నగా తూకానికి. లెక్క సులువే: లీటరుకు 50 మి.గ్రా. నుంచి 12కు దిగితే, తేడా 38ని 0.05 లీటర్లతో గుణించి 0.02 గ్రాములతో భాగిస్తే గ్రాముకు 95 మి.గ్రా.

పీహెచ్ సర్ది, కార్బన్ వేసి వదిలేస్తే కుదరదు. ఫాస్ఫారిక్ కార్బన్ ఉపరితలం ఆమ్లగుణం గలది, 7 అని పెట్టింది గంటలో 5కు జారుతుంది. కార్బన్ వేశాక అరగంటకోసారి సర్దాలి. ఉపరితల ఆవేశం సున్నా అయ్యే పీహెచ్ మాకు 4 దగ్గర వచ్చింది. అంతకు పైన ఉపరితలం రుణావేశంతో ఉంటుంది. సిప్రో 6.1 నుంచి 8.7 వరకు ధన, రుణ ఆవేశాలు రెండూ మోస్తుంది, 8.7 దాటితే రుణమే. అందుకే 6–8 మధ్య బాగా పట్టింది, 9 దాటాక రెండూ ఒకదాన్నొకటి తోసేసుకుని జారిపోయింది.

కైనెటిక్స్‌కు (ఎంత వేగంగా పడుతుందో చూడటానికి) ఒకే ఫ్లాస్క్‌లోంచి పదేపదే శాంపిల్ తీస్తే నీరు తగ్గి నిష్పత్తి మారుతుంది. ఒక్కో సమయానికి ఒక్కో ఫ్లాస్క్ పెట్టాం. 5 నిమిషాల నుంచి 24 గంటల వరకు కాబట్టి రాత్రిళ్లు ల్యాబ్‌లోనే. సూడో-సెకండ్-ఆర్డర్ అనే వేగ సూత్రపు గీతకు 0.99 సరిపోలిక వచ్చిందని అందరూ సంబరపడతారు. ఆ గ్రాఫులో సమయం రెండు అక్షాల మీదా ఉంటుంది, ఏ డేటా పెట్టినా దాదాపు సరళరేఖే వస్తుంది. నాన్‌లీనియర్‌గా అమర్చి, తేడాలు ఎటు వాలుతున్నాయో చూడాలి. మాకు గంటలో చాలామటుకు పట్టి, తర్వాత ఎనిమిది గంటల దాకా మెల్లగా ఎక్కుతూనే ఉంది. రెండు గంటలకే సమతుల్యం వచ్చిందని రాసే పేపర్లను అనుమానించడం అప్పుడే మొదలైంది.

99 శాతం అనే అంకె

ఇప్పుడు సెప్టెంబర్ నాటి మాట. ఎంత శాతం తీశామన్నది కాక, నీటిలో ఎంత మిగిలిందన్నది మా లక్ష్యమైంది. యాంటీబయోటిక్ కంపెనీల కూటమి సిప్రోకు పెట్టుకున్న సురక్షిత పరిమితి లీటరుకు 0.06 మైక్రోగ్రాములు. పటాన్‌చెరు నీటిలోని 31 మి.గ్రా.లో 99 శాతం తీసేశామనుకోండి, ఇంకా 310 మైక్రోగ్రాములు మిగులుతాయి. పరిమితికి ఐదు వేల రెట్లు పైమాట. యూవీ యంత్రానికి కనబడే కనీసమే లీటరుకు వంద మైక్రోగ్రాములు. అంటే యూవీలో 'ఏమీ లేదు' అని వచ్చిన నీటిలో కూడా పరిమితికి పదిహేను వందల రెట్లు ఉండొచ్చు.

ఇంకో ఇబ్బంది కార్బన్‌దే. గాఢత తగ్గేకొద్దీ అది పట్టే మొత్తం కూడా తగ్గుతుంది. ఈ సంబంధాన్ని చెప్పే ఫ్రాయిండ్లిచ్ సూత్రంలోని ఘాతాంకం 0.3 అయితే, గాఢత వెయ్యి రెట్లు పడినప్పుడు పట్టు ఎనిమిదో వంతుకు వస్తుంది, 0.5 అయితే ముప్పయ్యో వంతుకు. గ్రాముకు 95 మి.గ్రా. అన్న గొప్ప అంకె ఆ మూలకు వెళ్లేసరికి ఏమీ కాకుండా పోతుంది. ఐసోథర్మ్‌ను (ఏ గాఢతకు ఎంత పడుతుందో చూపే గీతను) మైక్రోగ్రాముల దగ్గర నిజంగా కొలవకుండా, పై అంకెల నుంచి గీత పొడిగించి డిజైన్ చేయడం నా దృష్టిలో గుడ్డి పని.

మన దేశంలో ఫార్మా వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ 2020 జనవరిలో ముసాయిదా వచ్చింది. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. ఆ పరిమితులే ఉండుంటే ఇంత చిన్న గాఢత కొలిచే ల్యాబులు ఈపాటికి ఊరికి నాలుగు ఉండేవి, మేం వారాల తరబడి ఎదురుచూసే పని ఉండేది కాదు.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి: వాగు నీళ్లు

డిస్టిల్డ్ వాటర్ పని ముగించి, పటాన్‌చెరు పక్కన పారే నక్కవాగు నీళ్లు తెచ్చి, వడగట్టి, సిప్రో కలిపి అదే ప్రయోగం చేశాం. పట్టు సగానికి దగ్గరగా పడిపోయింది. నీటిలోని సేంద్రియాలు రంధ్రాల నోళ్లు మూస్తాయి. కాల్షియం, మెగ్నీషియం సిప్రోతో జట్టు కడతాయి. పైగా ఆ నీరే 277 దగ్గర కాంతిని పీలుస్తుంది, యూవీ ఇక పనికిరాదు.

ఎక్కువ గాఢతలకు హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం), ఫ్లోరసెన్స్ డిటెక్టర్: 280 దగ్గర ఉత్తేజం, 450 దగ్గర ఉద్గారం. మొబైల్ ఫేజ్‌లో ఫార్మిక్ యాసిడ్ లేకపోతే సీ18 కాలమ్‌లో శిఖరం తోకలాగా సాగుతుంది. చిన్న గాఢతలకు ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్, అంటే విడదీశాక అణువుల బరువును బట్టి గుర్తించే యంత్రం. దానికి ముందు నీటిని పీహెచ్ 3కు తెచ్చి, ఈడీటీఏ కలిపి, సాలిడ్ ఫేజ్ కార్ట్రిడ్జ్‌లోంచి నిమిషానికి 5 మి.లీ.కు మించకుండా పంపాలి. ఈడీటీఏ వేయకపోతే కాల్షియం పట్టుకున్న సిప్రో కార్ట్రిడ్జ్‌లో ఆగదు, రికవరీ పడిపోతుంది. గాజు గోడలకు కూడా అంటుకుంటుంది, ఈ స్థాయిలో పాలీప్రొపిలీన్ సీసాలే వాడాలి. డ్యుటీరియం ఉన్న అంతర్గత ప్రమాణం విదేశం నుంచి రావడానికి ఆరు వారాలు పట్టింది, మా రసాయనాలన్నిటిలోకీ ఖరీదైనది అదే. లేకుండా చేస్తే మ్యాట్రిక్స్ (నీటిలోని మిగతా పదార్థాలు) వల్ల సిగ్నల్ అణిగి, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అంటే మన కార్బన్ గొప్పగా కనిపిస్తుంది. ఆర్డర్ మొదటి నెలలోనే పెట్టేయాలి.

కాలమ్ సంగతి. లోపలి వ్యాసం 15 మి.మీ., పడక 10 సెం.మీ., ఘనపరిమాణం 17.7 మి.లీ. నిమిషానికి 2 మి.లీ. పంపితే నీరు పడకలో ఉండేది దాదాపు 9 నిమిషాలు. కార్బన్‌ను నీళ్లలో మరిగించి గాలి పోగొట్టి, తడిగానే నింపాలి. పొడిగా నింపితే బుడగలు చేరి నీరు ఒక పక్క నుంచే దారి చేసుకుంటుంది. నింపే ముందు ఒక లెక్క వేయండి. సుమారు 8 గ్రా. కార్బన్, గ్రాముకు 60 మి.గ్రా. అనుకుంటే మొత్తం 480 మి.గ్రా. లీటరుకు 10 మి.గ్రా. నీరు పంపితే రోజుకు లోపలికి పోయేది 28.8 మి.గ్రా. పడక నిండడానికి పదహారు రోజులు పైనే, నీళ్లు 48 లీటర్లు. ఆదివారాలు, కరెంటు కోతలు, పంపు ట్యూబు అరిగిపోవడం అన్నీ ఆ మధ్యలోనే వస్తాయి. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు.

వాగు నీళ్లు నడుస్తుండగా రెండో వారంలో పంపు ట్యూబు లోపల గోధుమరంగు జిగురు పేరుకుంది. వేలితో నొక్కితే జారుతోంది, పడక పై అంగుళంలో కూడా అదే. లీటరుకు 10 మి.గ్రా. సిప్రో ఉన్న నీళ్లది. మామూలు బ్యాక్టీరియా ఆ మోతాదుకు బతకకూడదు. ట్యూబు మార్చాం, పడక పైపొర తీసేశాం, ప్రవాహం మళ్లీ సర్దుకుంది. ఆ రోజు మాత్రం చేతులు చాలాసేపు కడుక్కున్నాం.

మార్చి: వాడేసిన కార్బన్

0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్, మిథనాల్ కలిపి కడిగితే సిప్రో చాలామటుకు ఊడివస్తుంది. ప్రతి చక్రంలోనూ పట్టు తగ్గుతూ పోతుంది. ఊడివచ్చిన ద్రవం అసలు నీటికన్నా ఎన్నో రెట్లు చిక్కటి సిప్రో. రీజనరేషన్ (కార్బన్‌ను కడిగి మళ్లీ వాడటం) గురించి గొప్పగా రాసే పేపర్లలో ఆ సీసా ఏమైందో ఉండదు. మేం దాన్ని, మిగిలిన స్టాక్‌ను, ఫ్లాస్కుల కడుగునీటిని సింకులో పోయకుండా ఒక క్యాన్‌లో పట్టి, కార్బన్ ఎక్కువ మోతాదులో వేసి కలియబెట్టి, పై నీటిని హెచ్‌పీఎల్‌సీలో చూసిన తర్వాతే వదిలాం. సిప్రో పట్టిన కార్బన్‌ను చెత్తబుట్టలో వేయకూడదు. మందుల తయారీలో వాడేసిన కార్బన్ ప్రమాదకర వ్యర్థాల జాబితాలో పేరుతోనే ఉంది, కాల్చేయాల్సిందే. దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలంటే ల్యాబు పేరు మీద కాగితాలు కావాలి, అర కిలో కోసం బండి రాదు. డిపార్ట్‌మెంటులో మిగతా ల్యాబుల వ్యర్థాలు కూడా పోగయ్యేదాకా మా డబ్బా లేబుల్ వేసుకుని స్టోర్‌లోనే ఉంది. లేబుల్ మీద తేదీ, బరువు, మందు పేరు రాయండి, లేకపోతే తీసుకోరు.